మధ్యాహ్నానికి మూడించులు పెరిగే పొట్ట: ఒక టైలరు టేపు పట్టుకుని నేర్చుకున్నది

తిరుపతి కొర్లగుంటలో నాదొక చిన్న బ్లౌజుల షాపు. రెండు కుట్టుమిషన్లు, ఒక పికో మిషను, గోడ మేకుకు వేలాడే నాలుగైదు టేపులు. 22 ఏళ్ళుగా ఇదే పని. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, నడుము ఎంతో చూపుతోనే చెప్పేస్తాను, అర ఇంచు అటూ ఇటూగా. అలాంటిదాన్ని, నా నడుము కొలత మాత్రం నాకే అంతుబట్టకుండా ఆరేళ్ళు అవస్థపడ్డాను. పొద్దున 33 ఇంచులు. మధ్యాహ్నం అన్నం తిన్న గంటకు 36.5. రాత్రి పడుకుని లేస్తే మళ్ళీ 33.

రోజూ మధ్యాహ్నం మిషను ముందు కూర్చునే లంగా బొందు విప్పి వదులుగా కట్టుకునేదాన్ని. నా బ్లౌజులన్నిటికీ పక్కకుట్లు విప్పేసుకున్నాను. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ నన్ను కిందికీ పైకీ చూసి, "ఎన్నో నెల అక్కా?" అని అడిగింది. అప్పటికి నాకు 44 ఏళ్ళు, మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. నవ్వేసి ఊరుకున్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వాము నీళ్ళు తాగాను, మా అత్త దంచి ఇచ్చిన శొంఠిపొడి తిన్నాను, గోలీసోడాలు తాగాను. గ్యాస్ బిళ్ళలు ఎన్ని మింగానో లెక్కే లేదు. ఒక ఆస్పత్రిలో ఎండోస్కోపీ, స్కానింగు, రక్తపరీక్షలు అన్నీ చేసి, "ఏమీ లేదమ్మా, ఉత్త గ్యాసే, టెన్షన్ తగ్గించుకో" అని పంపించేశారు. ఏమీ లేకపోతే ఈ మూడున్నర ఇంచులు ఎక్కడివని అడగడానికి నోరు రాలేదు. ఇప్పుడైతే అడుగుదును.

నాకు దారి దొరికింది తర్వాత చూపించుకున్న ఇంకో డాక్టరు దగ్గర. ఆ రోజు జరిగింది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే కింద చెప్పబోయే పద్ధతంతా అందులోనే ఉంది.

ఆయన నా ఫైలు మొత్తం తిరగేసి, "అమ్మా, కింద క్యాంటీను ఉంది. మీరు మామూలుగా ఎంత తింటారో అంత తిని, అరగంట ఆగి రండి" అన్నారు. డాక్టరు దగ్గరికి ఖాళీ కడుపుతో రమ్మనడం విన్నాను గానీ తిని రమ్మనడం అదే మొదటిసారి. రెండిడ్లీ, ఒక వడ తిని, గ్లాసుడు నీళ్ళు తాగి వచ్చాను. అప్పటికే పొట్ట తన్నుకుని ముందుకొచ్చేసింది. టేపు కోసం నర్సమ్మ సొరుగులన్నీ వెతుకుతుంటే నేనే బ్యాగులోంచి తీసిచ్చాను. బొడ్డు మీదుగా 36.

"ఇప్పుడు తిన్న ఇడ్లీ ఇంకా పెద్దపేగు దాకా పోలేదు. తిండి పులిసి గాలి ఎక్కువగా పుట్టేది అక్కడ. మరి ఇంత ఉబ్బరం ఎక్కడిది?" అని ఆయనే అడిగి, నా పక్కటెముకల కింద అంచు మీద రెండు చేతులూ ఆనించమన్నారు. "ఊపిరి వదలండి. ఇంకా వదలండి. అయిపోయిందనుకున్నాక కూడా ఇంకొంచెం ఉంటుంది, అది కూడా వదలండి." అలా నిదానంగా ఏడెనిమిది ఊపిరులు. నడుము చుట్టూ ఉన్న టేపు వదులై కిందికి జారింది. బిగించి చూస్తే 34.5.

"సార్, నేనేమీ వదల్లేదు" అన్నాను సిగ్గుపడుతూ.

ఆయన పకపకా నవ్వి, "నేను చెప్పేదీ అదే కదమ్మా! గాలేమీ బయటికి పోలేదు. మరి ఒకటిన్నర ఇంచు ఎక్కడికి పోయింది?" అన్నారు.

లోపల జరిగేది

ఛాతీకీ కడుపుకీ మధ్య ఒక పల్చటి కండరం అడ్డంగా ఉంటుంది. డయాఫ్రమ్ అంటారు. తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళకు ఉదరవితానం అన్న మాట గుర్తుండొచ్చు. వితానం అంటే పైన కట్టే చాందినీ. పెళ్ళి పందిట్లో కట్టే షామియానాను తలుచుకోండి. పైన ఊపిరితిత్తులు, గుండె. కింద జీర్ణాశయం, కాలేయం, పేగులు. మనం ఊపిరి పీల్చినప్పుడు ఈ చాందినీ బిగిసి కిందికి దిగుతుంది, వదిలినప్పుడు సడలి పైకి లేస్తుంది. ముందువైపు, అంటే బొడ్డు చుట్టూ, ఇంకో కండరాల గోడ ఉంటుంది. బ్లౌజుకు ముందు భాగం లాంటిదనుకోండి.

అన్నం తిన్నాక కడుపులో సరుకు పెరుగుతుంది. దానికి చోటు కావాలి. మామూలు మనిషిలో డయాఫ్రమ్ కాస్త సడలి పైకి జరుగుతుంది, పక్కటెముకలు కొద్దిగా విచ్చుకుంటాయి, ముందు గోడ ఓ మోస్తరుగా బిగుసుకుంటుంది. తిన్నది పైకీ పక్కలకీ సర్దుకుంటుంది. పొట్ట పెద్దగా ముందుకు రాదు. ఇదంతా మనకు తెలియకుండానే జరిగిపోతుంది.

నాలాంటివాళ్ళలో ఇది తిరగబడుతుంది. తిన్నాక సడలాల్సిన డయాఫ్రమ్ బిగుసుకుని కిందికి దిగుతుంది. బిగుసుకోవాల్సిన ముందు గోడ జారిపోతుంది. లోపలున్నది పైనుంచి నొక్కుడు పడి, ముందు అడ్డు లేక, బయటికి పొడుచుకొస్తుంది. నా పనిలో చెప్పాలంటే గుడ్డ పెరగలేదు, డార్టు, అంటే గుడ్డ ఒంటికి అతకడానికి వేసే మడత కుట్టు, తప్పు చోట పడింది. అదే మీటరు గుడ్డ ఒకరికి ఒంటికి అతికినట్టు కూర్చుంటుంది, ఇంకొకరికి ముందువైపు బుంగలా లేస్తుంది.

ఇది నా షాపులో పుట్టిన సిద్ధాంతం కాదండోయ్. స్పెయిన్ దేశంలో బార్సిలోనా నగరంలో వాల్ డెబ్రాన్ అనే ఆస్పత్రి ఉంది. అక్కడి డాక్టర్లు ఏళ్ళ తరబడి ఈ సంగతి మీదే పనిచేశారు. ఒకే మనిషికి పొట్ట మామూలుగా ఉన్నప్పుడు ఒకసారి, ఉబ్బినప్పుడు ఒకసారి సీటీ స్కాన్ తీసి పక్కపక్కన పెట్టి చూశారు. పేగుల్లో వేరే జబ్బేమీ లేని వాళ్ళలో గాలి పెరిగింది కొద్దిగానే, డయాఫ్రమ్ మాత్రం కిందికి దిగి ఉంది. నిజంగా పేగుల కదలిక దెబ్బతిన్న రోగుల్లో గాలి చాలా ఎక్కువగా ఉంది, డయాఫ్రమ్ పైకి నెట్టుకుపోయింది. తర్వాత కండరాల మీద తీగలు అతికించి, ఏది బిగుస్తోంది, ఏది సడలుతోంది అని తెర మీద ఆ మనిషికే చూపిస్తూ సరిచేసుకోవడం నేర్పారు. బయోఫీడ్‌బ్యాక్ అంటారు దీన్ని. నేర్చుకున్నవాళ్ళకు పొట్ట తగ్గింది. తిరుపతిలో నాకు ఆ తీగలూ తెరా దొరకలేదు. టేపు దొరికింది.

ఇంకొక్క మాట. ఇది కావాలని చేసేది కాదు, నటన అసలే కాదు. పేగులు సున్నితంగా ఉన్నవాళ్ళకు కొంచెం నిండినా చాలా నిండినట్టు తెలుస్తుంది, ఆ కబురు అందిన కండరాలు తప్పుగా స్పందిస్తాయి. మలబద్ధకం ఉంటే, మనసులో ఆందోళన ఉంటే ఇది ఎక్కువవుతుంది. అందుకే "టెన్షన్ తగ్గించుకో" అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. కాకపోతే ఆ మాట చెప్పి పంపించేస్తే మనిషికి చేతికందేదేమీ ఉండదు.

ముందు ఇది చూసుకోండి

అభ్యాసం మొదలుపెట్టే ముందు ఒక్కసారైనా డాక్టరుకు చూపించుకోవాలి. ముఖ్యంగా, బరువు కారణం లేకుండా తగ్గుతున్నా, మలంలో రక్తం పడుతున్నా, మలం నల్లగా తారులా వస్తున్నా, మాటిమాటికీ వాంతులవుతున్నా, జ్వరం, కామెర్లు ఉన్నా, రక్తం తక్కువని తేలినా ఇంట్లో కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకోకండి. 50 దాటిన ఆడవాళ్ళకు కొత్తగా ఉబ్బరం మొదలై, వారాల తరబడి తగ్గకుండా ఉంటే, కొంచెం తినగానే నిండిపోతుంటే, అండాశయాలు కూడా పరీక్ష చేయించుకోవాలి. దీన్ని మనవాళ్ళు "గ్యాసే"నని నెలలు గడిపేస్తారు. ఉన్నట్టుండి కడుపు గట్టిపడి, నొప్పి వచ్చి, వాంతులై, విరేచనమూ గాలీ రెండూ ఆగిపోతే అది అత్యవసరం, ఆ రాత్రే పెద్దాస్పత్రికి, మా తిరుపతిలో అయితే రుయాకో స్విమ్స్‌కో పోవాల్సిందే. హెర్నియా ఉన్నవాళ్ళు, కడుపు ఆపరేషన్ కొత్తగా అయినవాళ్ళు, గర్భిణులు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళు కింద చెప్పినవి డాక్టరును అడిగాకే చేయండి.

ఒక వారం టేపు పట్టండి

మొదటి వారం ఇంకేమీ చేయొద్దు, కొలవండి చాలు. మూడుసార్లు: పొద్దున లేచి దొడ్డికి వెళ్ళొచ్చాక, మధ్యాహ్నం భోజనానికి ముందు, తిన్న గంటకు. వీలైతే రాత్రి పడుకోబోయే ముందు ఇంకోసారి.

కొలిచే తీరు చెప్తాను, ఇందులో చాలామంది తప్పు చేస్తారు. చీర మీద, చుడీదార్ మీద కొలవకండి. టేపు బొడ్డు మీదుగా, వెనక కూడా అదే ఎత్తులో పోవాలి. వెనక జారితే ఇంచు తేడా వచ్చేస్తుంది. టేపుకూ ఒంటికీ మధ్య ఒక వేలు దూరేంత వదులు. ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి, పీల్చినప్పుడు కాదు. పొట్ట లోపలికి లాక్కోకండి. నా దగ్గరికొచ్చే కస్టమర్లలో పది మందికి తొమ్మిది మంది టేపు తగలగానే పొట్ట లోపలికి లాగేస్తారు, తర్వాత బ్లౌజు బిగుతైందని నామీదే పడతారు. ఇక్కడ ఎవరినీ మోసం చేయాల్సిన పని లేదు.

కొలత పక్కన ఏం తిన్నారు, తిన్నాక ఏం చేశారు అన్నది రెండు ముక్కల్లో రాయండి. నా పుస్తకంలో ఒక వారం చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. సంగటి, చెనక్కాయల పచ్చడి తిన్న రోజు 35. అదే సంగటి, అదే పచ్చడి తిని, వెంటనే హుక్కులూ కాజాలూ పని పెట్టుకున్న రోజు 36.5. తేడా తిండిలో లేదు. హుక్కు కుట్టేటప్పుడు సూది కన్నం వైపు చూస్తూ ఊపిరి బిగబట్టి, మిషను మీదికి వంగిపోయి కూర్చుంటాను. బిగబట్టిన ఊపిరంటే కిందికి దిగి నిలబడిపోయిన డయాఫ్రమే. అన్నం మీద అన్నం పెట్టి నొక్కినట్టు, గంటసేపు.

పొద్దున చదునుగా ఉండి, తిన్నాక పెరిగి, రాత్రికి ఎక్కువై, తెల్లారేసరికి తగ్గిపోయే పొట్టకే ఈ పద్ధతి. పొద్దునా రాత్రీ ఒకేలా ఉండి, వారం వారం పెరుగుతూ పోయేది వేరు. అది కొవ్వు కావచ్చు, కడుపులో నీరు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. దానికి టేపు కాదు, డాక్టరు కావాలి.

చాప మీద

రెండో వారం నుంచి అసలు పని. ఖాళీ కడుపుతో, పొద్దునా సాయంత్రం పది నిమిషాలు. చాప పరిచి వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ కింద దిండు పెట్టుకోండి. కాళ్ళు చాచి పడుకుంటే ముందు గోడ సాగిపోయి ఉంటుంది, మోకాళ్ళు మడిస్తే సడలుతుంది. బొందు, హుక్కు, బెల్టు ఏది బిగుతుగా ఉన్నా వదులు చేయండి. ఒక చెయ్యి రొమ్ము మీద, ఇంకోటి బొడ్డుకు పైన, పక్కటెముకలు చీలే చోట.

ముక్కుతో నిదానంగా, మనసులో నాలుగు లెక్కపెట్టేంత సేపు పీల్చండి. పై చెయ్యి దాదాపు కదలకూడదు. కింది చెయ్యి కొద్దిగా లేవాలి, కింది పక్కటెముకలు రెండు వైపులకూ విచ్చుకోవాలి. పొట్టను బుడగలా పైకి తోయకండి. తర్వాత పెదాలు సున్నాలా చుట్టి, వేడి అంబలిని ఊదినట్టు సన్నగా, ఆరు నుంచి ఎనిమిది లెక్కపెట్టేంత సేపు వదలండి. చివర్లో, అయిపోయింది అనిపించాక, బొడ్డు వెన్ను వైపు తనంతట తాను కొంచెం దిగుతుంది. దానికి పిసరంత సాయం చేయండి, కుట్టులోంచి దారం లాగినంత నెమ్మదిగా. గట్టిగా లాగితే దారం తెగుతుంది. బిగబట్టొద్దు, మళ్ళీ పీల్చండి. నిమిషానికి ఐదారు ఊపిరులు వస్తాయి. తల తిరిగినట్టుంటే తొందరపడుతున్నారని అర్థం, ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి.

ఇక్కడ నాకొక అనుమానం వచ్చింది, మీకూ వస్తుంది. ఊపిరి పీలిస్తే డయాఫ్రమ్ కిందికే కదా దిగేది? జబ్బే అది దిగి కూర్చోవడమని చెప్పి, మళ్ళీ అదే పని చేయమంటారేమిటి? డాక్టరును అడిగేశాను. ఆయన నా చేతిలో ఉన్న టేపు చూసి, "తుప్పు పట్టిన కత్తెరను ఏం చేస్తారమ్మా మీరు?" అన్నారు. ఒక చుక్క మిషను నూనె వేసి, పది సార్లు తెరుస్తాం, మూస్తాం. "ఇదీ అంతే. దిగి బిగుసుకున్న కండరం దిగడమే కాదు, లేవడం కూడా మళ్ళీ నేర్చుకోవాలి. దిగి లేస్తూ ఉంటేనే వదులవుతుంది. కాబట్టి పీల్చేటప్పుడు మామూలుగా పీల్చండి, వదిలేటప్పుడు శ్రద్ధ పెట్టండి."

అప్పట్నుంచి నేను దీన్ని ఊపిరి పీల్చే అభ్యాసం అనడం మానేశాను. ఊపిరి వదిలే అభ్యాసం ఇది. చాలామంది దీర్ఘంగా పీల్చమనగానే భుజాలెత్తి, రొమ్ము విరిచి, గాలంతా లోపలికి లాగుతారు. వదలడం మాత్రం సగమే. ఆ మిగిలిన సగం మీద మళ్ళీ పీలుస్తారు. అలా పీల్చి పీల్చి పై గాలి నింపుకుంటే డయాఫ్రమ్ లేచే చోటే ఉండదు.

చాప పరిచిన మొదటి వారం నాకేమీ తేడా తెలియలేదు. పై చెయ్యే లేచేది, కింది చెయ్యి రాయిలా పడుండేది. మా అమ్మాయి పక్కన కూర్చుని, "అమ్మా, భుజాలు" అని గుర్తు చేసేది. మీకూ అలా ఎవరైనా ఉంటే మంచిది. లేకపోతే కొలతల పుస్తకం లాంటిది ఒకటి పొట్ట మీద పెట్టుకోండి, అది ఎంత నిదానంగా దిగుతోందో చూస్తూ ఉండండి.

కుర్చీలో, టేపుతో

చాప మీద కుదిరాక కుర్చీలోకి రావాలి, ఎందుకంటే మనం అన్నం పడుకుని తినం. వీపు నిటారుగా, పాదాలు నేలకు ఆని ఉండాలి. టేపును గానీ, పాత చున్నీని గానీ కింది పక్కటెముకల చుట్టూ తిప్పి, రెండు కొసలూ ముందు ఒక చేత్తో వదులుగా పట్టుకోండి. పీల్చినప్పుడు చున్నీ పక్కల బిగుస్తుంది, వదిలినప్పుడు వదులవుతుంది. ఆ వదులును కొద్దికొద్దిగా మడిచి పట్టుకుంటూ పోండి. బార్సిలోనావాళ్ళ తెర చేసే పనిలో కొంతైనా ఈ చున్నీ చేస్తుంది. కండరం ఏం చేస్తోందో కళ్ళకూ చేతికీ తెలుస్తుంది, లేకపోతే గాల్లో కొలత తీసినట్టే.

దీన్ని భోజనానికి ముందు ఐదు నిమిషాలు, తిన్నాక ఐదు నిమిషాలు చేయండి. తిన్నాక చేసేది మెత్తగా ఉండాలి. పొట్టను లోపలికి పీకడం, కపాలభాతి లాంటివి నిండు కడుపుతో చేయకూడదు. మా ఊరి ప్రకాశం పార్కులో పొద్దున్నే చేసేవాళ్ళు ఖాళీ కడుపుతో చేస్తున్నారని గుర్తుంచుకోండి. ఇంకో రకం మనుషులుంటారు, పొట్ట కనబడకూడదని రోజంతా లోపలికి లాక్కునే ఉంటారు. నేను కూడా ఒకప్పుడు ఆ బాపతే. రోజంతా లాగిన గోడ సాయంత్రానికి అలిసిపోయి ఒక్కసారిగా జారుతుంది. లాగడం వేరు, పని చేయించడం వేరు.

ఉబ్బరం అప్పటికే వచ్చేసి, బొందు కోసుకుపోతుంటే? నేను చేసేది ఇది. మిషను ఆపేస్తాను. లేచి గోడకు వీపు ఆనించి నిలబడతాను, మడమలు గోడకు జానెడు దూరంలో. రెండు చేతులూ పక్కటెముకల మీద వేసి పన్నెండు ఊపిరులు, ప్రతిదీ చివరంటా వదులుతూ. తర్వాత మా వీధి చివరిదాకా పోయి వస్తాను, పది నిమిషాలు. నిలబడి, నడిచేటప్పుడు పేగుల్లో గాలి తొందరగా ముందుకు కదులుతుంది, వెల్లకిలా పడుకుంటే నిదానిస్తుంది. తిన్నాక నడుం వాల్చే అలవాటున్నవాళ్ళకు ఈ మాట రుచించదని తెలుసు. మా ఆయన ఇప్పటికీ వినరు.

గోలీసోడా సంగతి. తాగగానే పెద్ద తేన్పు వస్తుంది, హమ్మయ్య అనిపిస్తుంది. ఆ తేన్పులో వచ్చింది సోడాలో మనం పోసుకున్న గాలే. తేన్పు కోసం గొంతు బిగించి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించేవాళ్ళు ప్రతిసారీ ఇంకొంత గాలి మింగుతారు. ఈ రెండూ మానేశాక నాకు సగం బాధ పోయింది.

తిండి గురించి తక్కువే

ఎందుకంటే దాని మీద చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను తిండి భయంతో రెండేళ్ళు ఎర్రగడ్డ, తెల్లగడ్డ, పప్పులు, పాలు అన్నీ మానేసి పీక్కుపోయాను, పొట్ట మాత్రం అలాగే ఉంది. అనప గింజల్లో, అలసందల్లో, ఎర్రగడ్డల్లో మన పేగులు అరిగించుకోలేని పిండిపదార్థాలు కొన్ని ఉంటాయి, పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని తిని గాలి పుట్టిస్తాయి. అది నిజమే. అయితే చిత్తూరు జిల్లాలో పుట్టి సంక్రాంతికి పితికిపప్పు, అంటే పొట్టు తీసిన అనప గింజలు, వద్దనడం నావల్ల కాదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో బాగా మెత్తగా ఉడికిస్తాం. పితికిపప్పుకు పొట్టు తీయడానికి ఎలాగూ నానబెట్టాల్సిందే కదా. ఒక గరిటె తింటాను, మూడు కాదు. పాలు పడనివాళ్ళకు పెరుగు, మజ్జిగ చాలాసార్లు పడతాయి. ఒకేసారి అన్నీ మానకండి, ఒక్కొక్కటి రెండు వారాలు ఆపి, మళ్ళీ తిని, టేపు ఏం చెప్తుందో చూడండి.

మలబద్ధకం ఉంటే ముందు దాని పని చూడాలి. మిగతావన్నీ దాని తర్వాతే. వెనక దారి మూసుకుని ముందు తలుపు తెరిస్తే ఏం లాభం. అక్కడ కూడా ముక్కి ఊపిరి బిగబట్టకుండా, కాళ్ళ కింద చిన్న పీట వేసుకుని, ఊపిరి వదులుతూ కూర్చోవాలి.

నా లెక్కలు

నాలుగో వారానికి నా మధ్యాహ్నం కొలత 36.5 నుంచి 35కి వచ్చింది. మూడో నెలలో 34.5. పెళ్ళిళ్ళ సీజన్లో, రాత్రి పన్నెండు దాకా మగ్గం వర్క్ బ్లౌజులు కుట్టిన వారం మళ్ళీ 36 తాకింది. కంగారు పడలేదు, చాప తీశాను. పోయినసారి అలిపిరి మెట్లెక్కేటప్పుడు ఇంకో సంగతి గమనించాను. 3550 మెట్లు. ఇదివరకు గాలిగోపురం చేరేసరికి రొమ్ము ఎగిసిపడి, పక్కలో పోటు వచ్చి, పొట్ట ఉబ్బేది. ఈసారి రెండు మెట్లకు పీల్చి, మూడు మెట్లకు వదులుతూ ఎక్కాను. మోకాళ్ళ పర్వతం దగ్గర మాత్రం లెక్క తప్పింది, అక్కడ ఎవరికైనా తప్పుతుంది.

షాపులో కూడా ఒక పద్ధతి మారింది. కొలతల పుస్తకంలో నడుము అంకె పక్కన ఇప్పుడు "పొద్దున", "తిన్నాక" అని రాసుకుంటున్నాను. మధ్యాహ్నం మూడింటికి వచ్చి నడుము కొలత ఇచ్చేవాళ్ళకు అటూ ఇటూ పక్కకుట్లలో ముప్పావు ఇంచు గుడ్డ వదులుతున్నాను. కావాలంటే విప్పుకోవచ్చు.